పందికొక్కు కొలిమి

ఊరికీ అడవికీ మధ్య ఉన్న ఆ దొడ్డిలో జంతువులే సేద్యం చేసుకుని పండించుకు తినేవి. దొడ్డికి పెద్దదిక్కు ముసలి ఎద్దు. ఏరువాక నాడు ఎవరు చేసిన నాగలి కర్రుతో తొలి చాలు దున్నితే, ఆ ఏడాదంతా కమ్మరం పని వాళ్లదేనని అక్కడి కట్టుబాటు. కొలిమి ఉన్నది నక్కకొక్కదానికే కాబట్టి ఏటా ఆ పని నక్కదే.

ఈ ఏడు ఒక పందికొక్కు కొత్తగా కొలిమి పెట్టింది. కొలిమంటే మట్టి మెత్తిన చిల్లుల బకెట్. తిత్తికి బదులు సైకిల్ పంపు, ఇనుము పెట్టి కొట్టే దాగలికి బదులు రైలు పట్టా ముక్క. కిటికీ ఊచలు రెండు వంచి పట్టకారు చేసుకుంది.

నక్క చూడబోయి పగలబడి నవ్వింది. "ఏమే కోడలా, ఊళ్లో చెత్తంతా ఇక్కడికే చేర్చావే."

"దొరికినదాంతో మొదలెట్టాను మామా. విరిగేవి విరుగుతున్నాయి, నిలిచేవి నిలుస్తున్నాయి."

నవ్వుతూ వెళ్లిన నక్కకి ఇంటికెళ్లాక ముద్ద దిగలేదు. మేక కొడవలి పందికొక్కు దగ్గరే చేయించుకుందట. తాతల నాటి దాగలి తన దగ్గరుండగా అందరూ ఆ చిల్లుల బకెట్ గురించి మాట్లాడుకోవడమేమిటి?

ఏరువాక ముందురోజు పొదచాటున నక్కి చూసింది. పందికొక్కు లారీ కమాను పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కర్రు చేసి నూనెలో ముంచింది. చల్లారాక గట్టిదనం చూడ్డానికి ఆకురాయితో రుద్దింది. ఆకురాయి జారిపోయింది తప్ప గీత పడలేదు.

అంత గట్టి ఇనుము నక్క పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది. పందికొక్కు పిడకలు తెచ్చుకోవడానికి అటు వెళ్లగానే కర్రు పట్టుకుని ఉడాయించింది. పిడకలెందుకో ఆలోచించే ఓపిక దానికి లేదు.

మర్నాడు దొడ్డంతా చేలో చేరింది. నక్క ఆ కర్రుకి మసి పూసి తెచ్చింది. పందికొక్కు వట్టి చేతులతో వచ్చింది.

"నీదేదమ్మా?" అంది ఎద్దు.

"నిన్న పోయింది తాతా. ఎవరు తీశారో తెలీదు."

"చేతకానివాళ్లు చెప్పే మాటే అది," అంది నక్క.

ఎద్దు నాగలి కట్టుకుంది. చాలు మొదలైందో లేదో నేలలో రాయి తగిలింది. కర్రు టప్పున రెండు ముక్కలైంది.

"తాతల నాటి దాగలి మీద చేసిందేనా మామా?" అని మేక అడిగితే అందరూ నవ్వారు.

నక్క ఊరుకుని ఉంటే పరువుతో పోయేది. కానీ పందికొక్కు పనికి తను మాట పడటమా? "నా చేతి కర్రు ఇలా విరుగుతుందా? ఇది ఆ పందికొక్కు చేసిన చచ్చు సరుకు," అనేసింది.

చేలో నవ్వులు ఆగిపోయాయి.

"దాని సరుకు నీ చేతికెలా వచ్చింది?" అంది ఎద్దు నెమ్మదిగా.

నక్క తోక ముడిచి గట్టు వైపు జరిగింది.

పందికొక్కు ముక్కలు ఏరుకుంటూ, "సగం పనిలో ఎత్తుకెళ్లావు మామా. నూనెలో ముంచాక ఇనుము గాజులా పెళుసుగా ఉంటుంది. పిడకల సెగ మీద మళ్లీ కాచి ఆ పెళుసు తీయాలి. నేనూ చాలా విరగ్గొట్టుకున్నాకే తెలుసుకున్నా," అంది.

"వెళ్లి ఇంకోటి చేసుకురా. అప్పటిదాకా నేను నిలబడతాను," అంది ఎద్దు.

పొద్దు వాలేలోపు పందికొక్కు కర్రుతోనే తొలి చాలు పడింది. ఆ ఏడంతా నక్క కొలిమిలో నిప్పు పడలేదు.

ఓర్వలేని కళ్లకి పక్కవాడి పని సగమే కనిపిస్తుంది.