పెట్టెలో మిగిలిన పేరు

ఆ పుస్తకం పోలేదు. పైడితల్లే దాచుకుంది. ఈ మాట ఆమె ఎవరితోనూ పైకి అనలేదు, కన్నతల్లితో కూడా. ఎందుకు దాచుకుందో తెలియాలంటే ముందు సువార్తమ్మ కథ వినాలి.

ఫోన్లకింకా తీగలున్న కాలం. కొండ కింద ఒక కాలేజీ, కాలేజీకొక లైబ్రరీ, లైబ్రరీకొక సువార్తమ్మ. పొట్టి మనిషి. పై అరలు అందక స్టూలెక్కేది. ఎవరు పుస్తకం తీసుకెళ్ళినా వాళ్ళ పేరున్న కార్డు చెక్కపెట్టెలో పడేది. పుస్తకం తిరిగొచ్చేదాకా కార్డు అక్కడే.

సువార్తమ్మ భర్త యోసేపు పడవెక్కి చేపల వేటకెళ్ళాడు, తిరిగిరాలేదు. మూడు ఆదివారాలు ఆమె చర్చిలో మోకరించింది. మూడు ఆదివారాలూ దేవుణ్ణి పిలిచింది. నాలుగో ఆదివారం మానేసింది. "పిలిస్తే పలకనోణ్ణి ఎన్నాళ్ళని పిలుస్తాం?" అనేది.

పుస్తకాలు ఎగ్గొట్టినవాళ్ళను మాత్రం వదిలేది కాదు. రోజూ పొద్దున్నే తలుపు తీసి, పెట్టె ముందేసుకుని, ఒక్కో కార్డూ చూస్తూ తిట్టేది. "ఒరే సన్యాసిరావూ, ఎక్కడ చచ్చావురా? రా! ఒలే దమయంతీ, నీకు సిగ్గులేదా? రా!"

ఒకరోజు ఆ సన్యాసిరావు నిజంగానే వచ్చాడు. మూడు నెలల జ్వరానికి పుల్లలా అయిపోయాడు.

"ఏంటో మేడం, రోజూ పొద్దున ఎవరో పిలుస్తున్నట్టుండేది. లేవాలనిపించేది."

సువార్తమ్మ స్టూలు మీద కూలబడింది. మర్నాటినుంచి తిట్లు పోయాయి, పిలుపు మిగిలింది. తను పిలుస్తుంటే వింటున్నదెవరో ఆమెకు తెలిసిపోయింది. ఆ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంది. యోసేపు పేరున కూడా ఒక కార్డు రాసి పెట్టెలో వేసింది.

పైడితల్లి బడి మొహం చూడని పిల్ల. కాలేజీ మెట్లు ఊడ్చేది. ఊడ్చిన చిత్తుకాగితాల మీదే కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. కిటికీలోంచి తొంగిచూస్తుంటే సువార్తమ్మకు దొరికిపోయింది.

"ఏటే గుంటా, ఏటి కావాల?"

"చుక్కల పుస్తకం."

"ఆకాశంలో చుక్కలా? పేరు చెప్పు."

సువార్తమ్మ కార్డు మీద రాసి పుస్తకమిచ్చింది. పైడితల్లి పేరు కాగితం మీద పడటం అదే మొదలు. మర్నాడు మెట్లు ఊడుస్తుంటే వినబడింది: "ఒలే పైడితల్లీ, రా!"

ఇంక పైడితల్లి పుస్తకం తిరిగెలా ఇస్తుంది? ఇస్తే పేరు పెట్టెలోంచి పోతుంది కదా. కుట్టుపని దొరికి దూరపు పట్నం పోతూ, పుస్తకాన్ని ట్రంకులో పెట్టుకుపోయింది.

ప్రిన్సిపాలు మూడుసార్లు వచ్చాడు. "రానివాళ్ళ కార్డులు చించెయ్యండమ్మా."

"వస్తారండి" అంది మొదటిసారి.

"వస్తారండి" అంది రెండోసారి.

మూడోసారి పెట్టె అడుగునుంచి ఒక కార్డు తీసింది. "ముందిది చించనా? మీరిక్కడ చదువుకున్నప్పటిది."

మళ్ళీ ఆయన ఆ ఊసెత్తలేదు.

సువార్తమ్మ పోయింది. ఆ రోజు ఎక్కడెక్కడినుంచో జనం! ప్లీడర్లు, లారీ డ్రైవర్లు, మనవల్ని చంకనేసుకున్న అమ్మమ్మలు. ప్రతి చేతిలో ఒక పాత పుస్తకం. కాలేజీ గేటునుంచి సమాధుల తోటదాకా వరస. అందరికంటే ముందు ప్రిన్సిపాలు. సన్యాసిరావు కార్డులు తీసి ఒక్కో పేరూ పిలిచాడు. పిలిచిన పేరల్లా పలికింది. చివరకు రెండే కార్డులు మిగిలాయి: యోసేపు, పైడితల్లి.

ఇప్పటికీ ఆ లైబ్రరీ తలుపు తీయగానే ఆ రెండు పేర్లూ పిలుస్తారు. ఆ చుట్టుపక్కల ఎవరు దూరం వెళ్తున్నా, "పెట్టెలో నీ పేరుందిలే" అని సాగనంపుతారు.

పైడితల్లి ఉన్న పట్నానికి ఆ కాలేజీ వైపునుంచి కొత్తగా కుట్టుపనికొచ్చిన అమ్మాయి, బస్సెక్కుతున్న చెల్లెలితో అదే మాట అంది. ఆ మాటేంటని పైడితల్లి అడిగితే, ఆమె పేరింకా తెలియని ఆ పిల్ల కథంతా చెప్పింది.

"ఆ పైడితల్లెవరో గానీ అక్కా, చదువుకున్నన్నాళ్ళూ రోజూ పిలిచాం. మొండిది, రాదు!"

పైడితల్లి గలగలా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ట్రంకు తెరిచి చుక్కల పుస్తకం చంకలో పెట్టుకుంది. ఇన్నాళ్ళు పిలిచినవాళ్ళకు పలకాలి. పుస్తకం తెస్తున్నానని చెప్పాలి. నా పేరున ఇంకొకటి తీసి ఉంచండి, కార్డు మాత్రం పెట్టెలోంచి కదపొద్దు అనాలి.

వీధి చివర కిరాణాకొట్లో ఫోనుంది. లైబ్రరీకి ఇప్పుడే చేసేస్తాననుకుని చెప్పులేసుకుంది.