జమీందారు గాలం సరదా

తొలకరి పడితే చేపలు గుడ్లతో ఉంటాయని ఆ వాగు జాలర్లు నెల్లాళ్ళు వల ముట్టరు. జమీందారు జగ్గభూపతికి మాత్రం గాలం సరదాకి అదే అదను. ఈ ఏడూ దిగాడు. దోనె నడిపే పోలమ్మకి దిగులు పట్టుకుంది. చేపలున్న మడుగు ఇంకొక్కటే మిగిలింది మరి.

"నిరుడు బుట్టలకొద్దీ పట్టానే, ఆ మడుగుకే పోనీవే!" అన్నాడు దొర.

పోలమ్మ తిన్నగా అక్కడికే పోనిచ్చింది. పొద్దు వాలినా గాలం కదల్లేదు.

"ఏమే, చేపలేవీ?"

"నిరుడు తమరు పట్టిన తల్లుల కడుపులోనే పోయాయి దొరా."

దొర గతుక్కుమన్నాడు. "సరేలే, పక్క మడుగుకి పద."

"చిత్తం. వచ్చే ఏడు ఎక్కడికి పోవాలో కూడా ఇప్పుడే సెలవియ్యండి. దాని తరవాత మడుగు లేదు."

దొర పకపకా నవ్వి, గాలం చుట్టేశాడు.

"ఒడ్డుకి పోనీవే తల్లీ. నెల్లాళ్ళాగి వస్తాను."