మదర్ ఇన్నాసమ్మకి గుర్తు రాని మాట

ఫాదర్ శౌరయ్య గారు మళ్లీ వచ్చారని తెలియగానే సిస్టర్ లూర్దుమేరి గదిలోకి పోయి తలుపేసుకుంది. మఠంలో ఎవరి మొహమైనా చూడగలదు గానీ, తన గురువు మదర్ ఇన్నాసమ్మ మొహం చూడలేదు.

మదర్ గారికి చూపు మందగించాక, ఆవిడ తనకి కలిగిన దర్శనాలు చెబుతుంటే రాసిపెట్టింది లూర్దుమేరే. దేవుడు వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడనీ, గంజి పోయమన్నాడనీ ఆ రాతల్లో ఉంది. చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బిషప్ గారికి మాత్రం కోపం వచ్చింది. విచారించి రమ్మని ఫాదర్ గారిని పంపారు.

"గుళ్లో అంత పీఠం ఉండగా దేవుడు మీ వంటింటికెందుకొచ్చాడమ్మా?" అని మొదటిసారి వచ్చినప్పుడు వెటకారంగా అడిగారాయన.

"ఆకలేసి వచ్చాడు నాయనా. ఊరగాయ కూడా అడిగాడు."

సిస్టర్లు ముసుగుల చాటున నవ్వుకున్నారు. ఫాదర్ గారి మొహం కందగడ్డయింది.

తర్వాత లూర్దుమేరిని విడిగా పిలిచారు. జీవితాంతం మఠంలోనే ఉంటానని నిత్యవ్రతాలు పుచ్చుకోబోతున్న పిల్ల.

"నువ్వూ ఇదంతా నమ్మే రాశావా? అయితే ఇంటికి పోవచ్చు."

"లేదండీ. ఆవిడకి మతి నిలకడగా లేదు. రాయమంటే రాశాను," అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. ఏం లాభం?

ఇవాళ ఆయన అందరి ముందూ అన్నారు. "అమ్మగారూ, మీకు మతి లేదని ఈ పిల్ల చెప్పింది. అది అబద్ధమైతే తనని ఇవాళే ఇంటికి పంపేయమన్నారు బిషప్ గారు. ఏదీ, పరలోక జపం చెప్పండి."

లూర్దుమేరి తల వాల్చేసింది. రోజూ చెప్పుకునే ఆ జపం మదర్ గారు నిద్దట్లో కూడా తప్పరు.

ఆవిడ మొదలుపెట్టింది. నానాటి అన్నం అడిగేదాకా గడగడా వచ్చింది. ఆ తర్వాత, ఇతరుల తప్పులు మేము మన్నించినట్టే మా తప్పులు మన్నించమనే మాట. అక్కడ ఆగిపోయింది.

"తర్వాతది రావట్లేదు. లూర్దూ, అందించమ్మా."

లూర్దుమేరి పెదవులు కదిలాయి. అంతలోనే మొహం పక్కకి తిప్పేసుకుంది.

చివరికి ఫాదర్ గారే జాలిపడి అందించారు. "పాపం, పిల్ల నిజమే చెప్పింది. మతి చెడిన ముసలమ్మ రాతలకి విచారణ ఒకటా? పొయ్యిలో పెట్టండి," అనేసి వెళ్లిపోయారు.

అందరూ చెదిరిపోయాక లూర్దుమేరి ఆవిడ పాదాల దగ్గర కూలబడింది.

"నన్ను పంపేయనిస్తే సరిపోయేది కదమ్మా! ఇప్పుడు మీ రాతలన్నీ బూడిదపాలే."

ఆవిడ చేత్తో తడుముకుంటూ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"నిన్నడిగిన మాట నువ్వింకా చెప్పనేలేదు."

"ఫాదర్ గారు చెప్పారు కదమ్మా."

"నేనడిగింది ఆయన్నా? నువ్వు చెప్పు. నీ వెనకాలే నేనంటాను."