రిబ్బను కట్టిన కొమ్మ

అనగనగా కొండకు సగం ఎత్తులో ఒక ఊరుండేది. పొద్దున్నే పొగమంచు వచ్చి గుమ్మంలో కూర్చునే ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటికీ మల్లెపాదులు. అక్కడే అప్పన్న అనే రైతుకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నూకాలు, చిన్నది పైడి. తల్లి లేదు. పైడికి జడ వేసినా, అన్నం కలిపి పెట్టినా, అబద్ధమాడితే చెవి మెలిపెట్టినా అన్నీ నూకాలే.

అప్పుడు నూకాలుకు పెళ్ళయింది. అత్తవారిల్లు ఇంకా పైన, కాఫీ తోటల దగ్గర. వెళ్ళేటప్పుడు తన జడకున్న ఎర్ర రిబ్బను విప్పి చెల్లి చేతిలో పెట్టింది.

"జడ వదులుగా వేసుకోకే, పేలు పడతాయి" అంది.

ఆ తర్వాత నెలకి, పైకొండ నుంచి సంతకు వచ్చే గురువమ్మ తడిగుడ్డలో ఒక వేరుముక్క చుట్టి తెచ్చింది. "మీ అక్క పంపిందే పైడీ. వాళ్ళత్త పెరట్లోది, ఎర్రముళ్ళపండు" అంది. ఈ కథ వింటున్న నువ్వు కూడా రేపు పెద్దబడికి వెళ్ళాక దాన్నే రాస్ప్‌బెర్రీ అని చదువుతావులే. ఎర్రపూసలు గుత్తికట్టి చేసిన బుల్లి టోపీలా ఉంటుంది, బంగారూ. లోపలంతా బోలు. వేలికి తొడుక్కుని తినొచ్చు.

గురువమ్మ ఒక మాట కూడా తెచ్చింది. నూకాలు అత్తగారు సన్యాసమ్మ గట్టి మనిషి. కోడలిని పుట్టింటికి పంపమంటే, తోటలో పని నువ్వు చేస్తావా అని అడిగే రకం. కానీ ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వాళ్ళ పెరటి మొక్క ఎవరింట నాటినా, తొలిపండు వాళ్ళింటికి రావాలి. "పండిన రోజు కబురు పెట్టండి. తెచ్చుకోడానికి మా కోడలినే పంపిస్తాను" అందట.

అంటే పండు పండితే అక్క వస్తుంది. పైడికి అర్థమైంది అదొక్కటే.

పైడి ఆ వేరును బావి పక్కన నాటింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. వానలకు ముళ్ళకొమ్మలు నాలుగు లేచాయి. చలికాలానికి ఆకు రాలి, కొమ్మలు బూడిదరంగుకు తిరిగాయి.

అప్పుడు పుష్యమాసం వచ్చింది. మల్లెపాదు కోసే నెల అది. ఆకు దూసి, కొమ్మలు మట్టానికి కోస్తేనే వేసవిలో మల్లె విరగబూస్తుంది. ఆ ఊళ్ళో చంటిపిల్లలకైనా తెలిసిన పని. అప్పన్న మల్లెలన్నీ కోసి, పెద్దకూతురు పంపిన మొక్క కదా అని దాన్ని ఇంకా శ్రద్ధగా, నేల దాకా కోశాడు. కొత్త కొమ్మలొచ్చాయి. పువ్వు రాలేదు, పండూ రాలేదు.

వైశాఖంలో గురువమ్మ వచ్చి, "మీ అక్క అడగమంది. కాసిందా?" అంది.

"లేదు పిన్నీ."

రెండో ఏడు పైడి పేడ ఎరువు వేసింది. మేకలు రాకుండా కంచె కట్టింది. మళ్ళీ పుష్యం వచ్చింది, మళ్ళీ అప్పన్న నేల దాకా కోశాడు. మళ్ళీ గురువమ్మ అడిగింది. ఈసారి పైడి తల అడ్డంగా ఊపింది. గురువమ్మ గంప సర్దుకుంటూ, "మీ అక్క కొండ అంచుకొచ్చి ఈ ఊరి పొగ చూస్తుంటుందే" అని చెప్పి వెళ్ళిపోయింది.

మూడో ఏడు వానలు బాగా పడ్డాయి. ఒక కొమ్మ మిగతావాటిని దాటి నిటారుగా పెరిగింది. ఒకరోజు పైడి దాని పక్కన నిలబడి చూసుకుంది. అచ్చం అక్క ఎత్తు. అప్పుడు పెట్టెలో దాచిన ఎర్ర రిబ్బను తెచ్చి, అక్క జడ మొదలు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ కట్టింది. రోజూ బడి నుంచి రాగానే ఆ కొమ్మకు కబుర్లు చెప్పేది. గేదె ఈనిందనీ, లెక్కల్లో తప్పు వచ్చిందనీ, నాన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాడనీ.

పుష్యం వచ్చింది. అప్పన్న కొడవలి పట్టుకుని మల్లెలు కోసుకుంటూ బావి దగ్గరికి వచ్చాడు. మూడు కొమ్మలు కోశాడు. నాలుగోది పట్టుకోబోతే చేతికి రిబ్బను తగిలింది. పెద్దకూతురు వెళ్ళాక ఆమె పేరు ఒక్కసారి కూడా పైకి అనని మనిషి ఆయన. ఆ రిబ్బను కేసి చూశాడు. తర్వాత కొడవలి చూరులో పెట్టేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

అదొక్కటే మిగిలింది. చైత్రంలో ఆ బూడిదరంగు కొమ్మకే చిగుళ్ళొచ్చాయి. ఆ తర్వాత తెల్లటి పువ్వులు. ఆ తర్వాత వైశాఖంలో, ఒక పొద్దున, రిబ్బను పక్కన రిబ్బను రంగులో పదకొండు పండ్లు.

సంత నిన్ననే అయిపోయింది. గురువమ్మ మళ్ళీ రావాలంటే ఆరు రోజులు. పండు చూస్తే వేలు తగిలితే ఊడేలా ఉంది. రెండు రోజులు కూడా ఆగదు.

"నాన్నా, మనమే వెళ్దాం" అంది పైడి.

ఆయన చొక్కా వేసుకున్నాడు.

పైడి పండ్లన్నీ కంచు గిన్నెలో వేసి, అరిటాకు మూసి, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. కొండదారి కదా, మలుపు మలుపుకీ గిన్నె కదిలింది. అత్తవారింటి ముందు దిగి ఆకు తీసి చూస్తే ఏముంది, పండ్లు లేవు. అడుగున ఎర్రటి రసం, అందులో గింజలు.

సన్యాసమ్మ అరుగు మీద కాఫీగింజలు ఏరుతోంది. పైడి గిన్నె ఆమె ముందు పెట్టి, "తొలిపండ్లు" అని, ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. లోపలి నుంచి నూకాలు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

సన్యాసమ్మ రసంలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "మా చెట్టుదే" అంది. "మూడేళ్ళేం చేశారే దీన్ని?"

"పుష్యంలో మల్లెతో పాటు కోశాం."

అప్పుడు ఆ గట్టి మనిషి భుజాలు ఊగేలా నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా. దాని కొమ్మకి మొదటి ఏడు నిలబడటమే పని. చూడ్డానికి ఎండుకట్టెలా ఉంటుంది, రెండో ఏడు అదే పండునిస్తుంది. పండు దిగాక కొయ్యాలి దాన్ని. మీరు యేటా పండును పుట్టకముందే కోసేశారు."

తర్వాత గిన్నె చేతిలోకి తీసుకుని నాకినంత శుభ్రంగా రసం తుడిచి తినేసింది. గిన్నె కడిగింది. అందులో పసుపుకొమ్ములు నింపింది.

"తెచ్చిన గిన్నె ఉత్తగా పంపకూడదు" అంది. "బరువుగా ఉంది, ఈ గుంట మొయ్యలేదు. నూకాలూ, నువ్వెళ్ళి దించేసి రా. నాలుగు రోజులుండి రా."

ఆ నాలుగు రోజులూ నూకాలు చెల్లికి బిగించి జడ వేసింది. నాన్నకు పులుసు పెట్టింది. అయిదో రోజు బస్సెక్కింది. పైడి బావి దగ్గరికి వచ్చి, పండు దిగిన కొమ్మను తనే కోసి, పక్కన కొత్తగా లేచిన పచ్చకొమ్మకు రిబ్బను మార్చి కట్టింది. అది ఇంకా తన మోకాలెత్తే ఉంది.

అక్క మళ్ళీ వచ్చిందా అంటావా? యేటా పండుకి వచ్చేది. నాలుగు రోజులకే.

ఎండుకొమ్మ పొయ్యికి,
ఎర్రపండు కొండకి,
పచ్చకొమ్మ పెరటికి,
పైడి చూపు దారికి,
కథేమో కంచికి,
నీ కళ్ళేమో నిద్రకి.