రాజుగారు తిప్పించిన ముల్లు

అనగనగా ఒక ఊళ్ళో పొద్దు కూడా రాజుగారి మాటే వినాలట. కోట మీద పెద్ద గడియారం ఉండేది. అది ఆరు కొట్టగానే జనమంతా రాజుగారి ఇటుకల బట్టీకి పనికి పోవాలి.

ఆ పనివాళ్ళలో నూకాలని ఒక తల్లి. మొగుడు లేడు. ఏడాది నిండని కూతురు చిట్టెమ్మే లోకం. కోడి కూయగానే పిల్ల లేచేది. నూకాలు పాలిచ్చి, కాటుక పెట్టి, కాసేపు ఆడించి, అప్పుడు ఎదురింటి గౌరమ్మ చేతికిచ్చి పరిగెత్తేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. రోజంతటికీ ఆ తల్లీకూతుళ్ళకి దక్కేది ఆ కాసేపే.

ఎండాకాలం వచ్చింది. అప్పుడు రాజుగారికి ఒక బుద్ధి పుట్టింది. గడియారం ముల్లు ఒక గంట ముందుకు తిప్పించి దండోరా వేయించాడు. పొద్దున్నే ఒక గంట ముందు రండి, సాయంత్రం వెలుతురుండగానే ఇంటికెళ్ళి పిల్లలతో ఆడుకోండి, చలికాలంలో మీ గంట మీకిచ్చేస్తాను అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నూకాలూ కొట్టింది, పిచ్చిది.

మర్నాడు గడియారం ఆరు కొట్టింది. కోడి కూయలేదు. ఆవు పాలు చేపలేదు. చిట్టెమ్మ లేవలేదు. ముగ్గురికీ దండోరా వినపడలేదు కాబోలు. నూకాలు నిద్రపోతున్న పిల్లని గౌరమ్మ పక్కన పడుకోబెట్టి వెళ్ళింది.

సాయంత్రం ఆరు కొట్టగానే ఆత్రంగా చేతులు కడుక్కుంది. అప్పుడు మేస్త్రీ అడ్డొచ్చాడు.

"ఇంకా ఎండ ఉంది కదమ్మా, అప్పుడే ఎక్కడికి?"

చూశావా బంగారూ, రమ్మనడానికి గడియారం, పొమ్మనడానికి సూర్యుడు. ఇంటికొచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. రోజూ అంతే.

ఆ తర్వాత ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి వచ్చింది. రాజుగారు మేళతాళాలతో ముల్లు వెనక్కి తిప్పించాడు. ఎంత మాట మీద నిలబడ్డాడో అని కవులు పొగిడారు.

ఆ పొద్దున నూకాలు తలంటుకుని, కాటుక భరిణె తీసి, పిల్ల లేచేదాకా పక్కనే కూచుంది. కోడి కూసింది. చిట్టెమ్మ కళ్ళు విప్పి, తల్లి మొహం చూసి, బెదిరి గుక్కపట్టింది. నూకాలు ఎత్తుకోబోతే చేతుల్లోంచి జారి, తప్పటడుగులు వేసుకుంటూ ఎదురింటికి పోయింది. పిల్లకి నడకొచ్చిందని నూకాలుకి అప్పటిదాకా తెలియదు. గౌరమ్మ కాళ్ళు చుట్టేసుకుని "అమ్మా" అంది చిట్టెమ్మ.

"నేను కాదే తల్లీ, అదిగో మీ అమ్మ" అంది గౌరమ్మ.

పిల్ల తిరిగి చూడలేదు. నా కడుపు మండిపోతుంది బంగారూ, ఆ రాజుని తలుచుకుంటే. అప్పుడే కోట మీద ఆరు కొట్టింది. నూకాలు పనికి పోయింది.

కథ నడిచె కంచికి,
నువ్వు రా నా మంచానికి,
పోయిన పొద్దు రాదు
ఏ రాజు గంటకీ.