చిలకలో దొరకని ప్రాణం

అనగనగా ఒక రాజు. పేరు ఇంద్రపాలుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణపాలుడికి కత్తి అంటే ప్రాణం. రెండోవాడు హయపాలుడికి గుర్రం అంటే ప్రాణం. మూడోవాడు గుణపాలుడికి ఏదీ ప్రాణం కాదు. పాయసం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. "నేనెందుకు పుట్టానమ్మా?" అని మాత్రం పొద్దస్తమానం తల్లిని వేధించేవాడు. రాజుగారింట పుట్టి అదేం దిగులంటారా? దిగులుకు కోటగోడలు అడ్డమా పిల్లలూ!

ఏడు సముద్రాల అవతల ఉలూకదంతుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు వకుళమాల అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి తన కోటలో బంధించాడు. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. ఇద్దరూ రాళ్ళయిపోయారని కబురొచ్చింది. మహారాణి అన్నం ముట్టడం మానేసింది.

"నేను వెళ్తానమ్మా. నేను లేకపోయినా ఎవరికి లోటు?" అన్నాడు గుణపాలుడు.

తల్లి చప్పున అతని నోరు మూసింది. "తప్పు నాన్నా! నువ్వెందుకు పుట్టావో నాకు తెలీదు. పుట్టించినవాడికి తెలుసు. ఆయన్నే నమ్ముకుని వెళ్ళు."

వెళ్ళాడు. వెళ్ళగా వెళ్ళగా సముద్రం అడ్డొచ్చింది. "స్వామీ, నాకు ఈత కూడా రాదే!" అని దణ్ణం పెట్టాడు. నీళ్ళలోంచి గంగాళమంత తాబేలు తల ఎత్తి, "ఎక్కు నాయనా," అంది. ఏడు సముద్రాలూ మోసుకెళ్ళి దింపింది.

"తాబేలు తాతా, నువ్వెందుకు పుట్టావు?" అని అడిగాడు గుణపాలుడు.

"ఏమో బాబూ! ఇవాళ్టికి నిన్ను మోయడానికి పుట్టాననుకో. దణ్ణం నాక్కాదు, నన్ను పంపినవాడికి పెట్టు."

దణ్ణం పెట్టి ముందుకు సాగాడు. అడవిలో ఆకలికి కళ్ళు తిరిగి పడిపోతే ఒక గద్ద ఒళ్ళో పండు పడేసింది. "ఇవాళ్టికి నీ ఆకలి తీర్చడానికి పుట్టాననుకో," అంది. దానికీ పంపినవాడికే దణ్ణం. మాంత్రికుడి కోట చుట్టూ ముళ్ళకంచె. అక్కడ ఒక పందికొక్కు కంచె కింద మనిషి పట్టేంత బొరియ తవ్వి, "ఇవాళ్టికి నా పుట్టుక ఇందుకే," అని మూతి తుడుచుకుంది. మూడో దణ్ణం పెట్టేసరికి గుణపాలుడి గుండె బరువు సగం దిగింది. తనకోసం ఎవరో ముందే దారి వేసి ఉంచుతున్నారు! అతనికి కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి దిగులు కన్నీళ్ళు కావు.

ఒంటినిండా మట్టితో కోటలో తేలితే ఎదురుగా వకుళమాల నిలబడి ఉంది. ఆమె గుసగుసగా చెప్పింది. "అయ్యా, మీ ప్రాణం దేనిమీద ఉందో వాడికి చెప్పకండి. దాన్ని చేజిక్కించుకుని మనిషిని రాయి చేస్తాడు. ఒకాయన కత్తి అన్నాడు, ఇంకొకాయన గుర్రం అన్నాడు, ఇద్దరూ చెడ్డారు. నేను నోరు విప్పలేదు కాబట్టి మిగిలాను."

అంతలో ఉలూకదంతుడు రానే వచ్చాడు. "ఏరా, నీ ప్రాణం ఎక్కడ దాచావు?" అని గుడ్లు ఉరిమాడు. వాడు తన ప్రాణం దాచుకున్న పిరికివాడు మరి. లోకంలో అందరూ తనలాగే అనుకుంటాడు.

గుణపాలుడు అబద్ధం ఆడొచ్చు. ఆడాలనిపించలేదు. "దేవుడి దగ్గర ఉంది," అన్నాడు. ఆ మాట అన్నాకే అది నిజమని అతనికి తెలిసింది. భయం ఎటు పోయిందో పోయింది.

"ఆ దేవుడు ఎక్కడుంటాడు?"

"ఎక్కడ లేడు? తాబేలులో చూశాను, గద్దలో చూశాను, పందికొక్కులోనూ చూశాను. ప్రతి జీవిలోనూ ఉన్నాడు."

మాంత్రికుడి ముఖం పాలిపోయింది. "ప్రతి జీవిలోనా? అయితే నా చిలకలో కూడానా!" గోడలోంచి పంజరం లాగి, చిలకను బయటికి తీశాడు. "వీడి ప్రాణం నీలో దాచుకుంటావా? కక్కు!" అంటూ దాని గొంతు నొక్కాడు.

"వద్దు, చచ్చిపోతుంది!" అని గుణపాలుడు అడ్డం పడ్డాడు.

వింటేగా! తన ప్రాణం దాచుకున్నది ఆ చిలకలోనే అన్న సంగతి మరిచి మాంత్రికుడు ఇంకొంచెం నొక్కాడు. వాడి గొంతే పూడుకుపోయి, కట్టెలా కూలిపోయాడు. తన గోతిలో తనే పడటమంటే ఇదే. గుణపాలుడు చిలకను ఒళ్ళోకి తీసుకుని నోట్లో నీళ్ళు పోశాడు. వాడి ప్రాణం పోయినా, దేవుడిచ్చిన దాని ప్రాణం దానికి ఉందిగా! కాసేపటికి రెక్కలు విదిల్చి కిటికీలోంచి ఎగిరిపోయింది.

రాళ్ళయిన అన్నలిద్దరూ ఆవులిస్తూ లేచారు. తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చారు. తాబేలు అందరినీ ఇల్లు చేర్చింది. మహారాణి ముగ్గురు కొడుకులకూ ముద్దలు కలిపి పెట్టి, తనూ తిన్నది.

వకుళమాల తనంతట తానే గుణపాలుణ్ణి వరించింది. పెళ్ళి వైభవంగా జరిగింది. అన్నలిద్దరూ పట్టుబట్టి అతనికే పట్టం కట్టారు. చాలాకాలం చల్లగా ఏలాడు. రోజూ నిద్ర లేవగానే, "మరో రోజు ఇచ్చావు, దణ్ణం స్వామీ. ఇవాళ నన్ను దేనికి లేపావు?" అని అడిగేవాడట. జవాబు కోసం పైకి చూసేవాడు కాదు. లేచి వెళ్ళి, కోట తలుపు తనే తీసేవాడు. బయట ఎవరో ఒకరు అతనికోసం నిలబడి ఉండేవారు.