కడబంతి మైసమ్మ

నూట పన్నెండు మెట్లెక్కితే నెమలిగుట్ట నడుమ మైసమ్మ తల్లి దర్శనమిస్తుంది. వేరే గుడులలో నైవేద్యమయ్యాక భక్తులు భోంచేస్తారు. ఇక్కడ భక్తులందరూ తిన్నాక చివరి వరుసలో, అంటే కడబంతిలో, అమ్మవారికి విస్తరి వేస్తారు. అందుకే ఆమె కడబంతి మైసమ్మ.

పూర్వం ఇక్కడ గుడి లేదు, పసుపు పూసిన రాయి ఒక్కటే ఉండేది. నైజాం పాలన నుండి విముక్తి కోసం జనం తుపాకి పట్టిన రోజుల్లో దళనాయకుడు దొంతుల రాజమల్లు, తనతో కలిపి పంతొమ్మిది మందితో, ఈ గుట్టలో ఉండి పోరాడాడు. గొర్రెలు కాసే బీరవ్వ గడ్డిమోపులో దాచి రోజూ ఇరవై జొన్న గట్క ముద్దలు తెచ్చేది. పంతొమ్మిది దళానికి, ఒకటి అమ్మవారికి.

ఒకసారి సైనికులు గుట్టను చుట్టుముట్టడంతో ఆమె రెండు రోజులు రాలేకపోయింది. మూడోనాటి మధ్యాహ్నం ఎలాగో చేరుకుంది. ఆకలికి ఓర్వలేక రాజమల్లు అందరికన్నా ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. గుట్ట కొనపై కాపలా ఉన్న పోశాలును మరిచాడు. గుర్తొచ్చి బీరవ్వతో కలిసి పైకి వెళ్లి చూస్తే పోశాలు స్పృహ తప్పి ఉన్నాడు. తుపాకి మాత్రం దారివైపే గురిపెట్టి ఉంది.

బీరవ్వ మండిపడింది. "పెద్దోనివి నువ్వే ముందు తింటే కాపలోనికి ఏం మిగుల్తది బిడ్డా, మన్నా?" అంటూ అమ్మవారి ముద్దను తెచ్చి నీళ్లలో కలపసాగింది.

"అది అమ్మవారిది గదవ్వా!" అన్నాడు రాజమల్లు.

"అమ్మ గాబట్టే ఆగుతది."

ఆ గట్కతో పోశాలు కళ్లు తెరిచాడు. వెనుక దారిన వస్తున్న సైనికులను ఆ సాయంత్రం మొదట చూసింది అతడే. పంతొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇకపై అందరూ తిన్నాకే తింటానని రాజమల్లు అమ్మవారి ముందు ఒట్టు పెట్టాడు.

తొమ్మిదేళ్లకు ఆయన ఎమ్మెల్యేగా గెలిచి, డప్పుల మోతతో ఇక్కడికి వచ్చాడు. జనం మొదటి బంతిలో ఆయనకు విస్తరి వేశారు. ఒట్టు గుర్తుందో లేదోనని బీరవ్వ ఆయన ముఖంలోకే చూసింది.

"ఇప్పుడు ఎమ్మెల్యేవైతివి. ముందుగాల కూసో బిడ్డా," అంది.

"ఒక్కసారి కూసున్న గదవ్వా. సాలు."

రాజమల్లు తువ్వాలు నడుముకు చుట్టి తొమ్మిది వందల మందికి వడ్డించాడు. ఆపై కొనవైపు తిరిగి, "పైన ఎవలన్న ఉన్నరా?" అని కేక వేశాడు. జెండా కట్టడానికి వెళ్లిన ఇద్దరు దిగివచ్చారు. వారు తిన్నాకే అమ్మవారికి విస్తరి పడింది, దాని పక్కన ఆయనకు.

నేటికీ మాఘ పున్నమి జాతరలో సర్పంచి మొదలు మంత్రి వరకు గెలిచినవారంతా కడబంతిలోనే కూర్చుంటారు. ముందుగా కొనవైపు మూడుసార్లు అలాగే పిలుస్తారు. "అందరం దిగినం!" అన్న జవాబు వినబడ్డాకే అమ్మవారికి నైవేద్యం. ఇలా పిలిచి తినే ఇంట గింజకు కరువుండదని భక్తుల నమ్మకం. ఇప్పటికి పదిహేను ఎన్నికలు గడిచాయి. నెమలిగుట్టపై మొదటి బంతిలో కూర్చున్న నాయకుడు ఒక్కరూ లేరు.